ఒంగోలు ఫ్లాట్‌లో హార్డ్ వాటర్: ఆర్‌ఓ కొనే ముందు మీ కుళాయిలోకి ఏ నీళ్ళు వస్తున్నాయో తేల్చుకోండి

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్తాను, చదివే మిగతావాళ్ళకీ ఉపయోగపడుతుంది. ఒంగోలులో కొత్తగా ఒక ఫ్లాట్‌లోకి మారారు. కుళాయిల మీద తెల్లగా గార కడుతోంది. గీజరు అప్పుడే చప్పుడు చేస్తోంది. సబ్బు నురగ రావట్లేదు, జుట్టు ఊడుతోందని ఇంట్లో టెన్షన్. టీడీఎస్ (నీళ్ళలో కరిగిన మొత్తం లవణాలు) కొలిచే మీటరు పెడితే వంటింటి కుళాయిలో 1,100 చూపించింది. ఆర్‌ఓ అమ్మే అతను వచ్చి గ్లాసు నీళ్ళలో రెండు కడ్డీలు ముంచి కరెంటు పెట్టి, నీళ్ళు గోధుమరంగుకు తిరిగాక "మీ పిల్లలు తాగేది ఇదే" అన్నాడు. ఇంటి మొత్తానికి సాఫ్ట్‌నరు (నీళ్ళ హార్డ్‌నెస్ తగ్గించే మెషీను), వంటింటికి పెద్ద ఆర్‌ఓ పెట్టించుకోమంటున్నాడు. మీరు తొందరపడకుండా ల్యాబులో పరీక్ష చేయించారు, చాలా మంచి పని. మున్సిపల్ నీళ్ళు: టీడీఎస్ 410, హార్డ్‌నెస్ 170. బోరు నీళ్ళు: టీడీఎస్ 1,720, హార్డ్‌నెస్ 640, ఆల్కలినిటీ (నీళ్ళలోని బైకార్బొనేట్ల కొలత) 380. అంకెలన్నీ లీటరుకు మిల్లీగ్రాముల్లో. మున్సిపల్ నీళ్ళు తాగొచ్చా, ఈ మెషీన్లు అవసరమా అన్నది మీ ప్రశ్న.

నా ఉద్యోగమంతా నీటి పరీక్షల ల్యాబుల్లోనే గడిచింది, అందులో ఎక్కువ కాలం ప్రకాశం జిల్లాలోనే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: మీకు ముందు కావాల్సింది ప్లంబరు. మెషీన్ల సంగతి ఆ తర్వాత.

మీ అంకెలనే చూడండి. మున్సిపల్ నీళ్ళు 410. బోరు 1,720. వంటింటి కుళాయిలో 1,100. అంటే మీ కుళాయిలో వచ్చేది మున్సిపల్ నీళ్ళూ కాదు, బోరు నీళ్ళూ కాదు, రెండూ కలిసినవి. ఎంతెంత కలిశాయో కూడా లెక్క కట్టొచ్చు. 1,100లోంచి 410 తీసేస్తే 690. 1,720లోంచి 410 తీసేస్తే 1,310. 690ని 1,310తో భాగిస్తే 0.53. అంటే మీరు వండుకునే నీళ్ళలో సగం కంటే కాస్త ఎక్కువే బోరు. హార్డ్‌నెస్ కూడా ఇదే పాళ్ళలో కలుస్తుంది కాబట్టి మీ కుళాయిలో అది 420 దగ్గర ఉండాలి. 170 ఉన్న నీళ్ళు డబ్బు కట్టి తెప్పించుకుని, సంపులో 640 నీళ్ళతో కలిపేసుకుని, మళ్ళీ వాటిని విడదీయడానికి మెషీను కొనుక్కోమంటున్నాడు ఆయన.

ఒంగోలులో ఈ కలయిక మామూలే, దానికి కారణం ఊరి నీటి చరిత్రలోనే ఉంది. మున్సిపల్ నీళ్ళు నాగార్జునసాగర్ కుడి కాలువ నుంచి వస్తాయి. చీమకుర్తి దగ్గరి రామతీర్థం రిజర్వాయరు మీదుగా వచ్చి ఊరి సమ్మర్ స్టోరేజీ ట్యాంకుల్లో నిలుస్తాయి, అక్కడి నుంచి శుద్ధి చేసి వదులుతారు. కృష్ణా నీళ్ళు కాబట్టి ఉప్పు శాతం తక్కువ. కాకపోతే ఆ నీళ్ళు రోజంతా రావు. వచ్చినప్పుడు పట్టి నిల్వ చేసుకోవాలి. చాలని రోజున బోరు వేస్తారు. ఇక్కడి బోరు చూస్తే, కొత్తపట్నం తీరం ఎంతో దూరం లేదు, భూమిలో నీళ్ళు చాలా చోట్ల ఉప్పగానే ఉంటాయి. మన పెద్దవాళ్ళు మంచినీళ్ళు, ఉప్పునీళ్ళు అని రెండు బిందెలు వేరువేరుగా పెట్టుకునేవాళ్ళు, వంటకూ తాగడానికీ ఒకటి, వాడకానికి ఒకటి. అపార్టుమెంట్లు వచ్చాక ఒకే సంపు, ఒకే ఓవర్‌హెడ్ ట్యాంకు, అందులోనే రెండు పైపులూ పడుతున్నాయి.

హార్డ్‌నెస్ అంటే నీళ్ళలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం. భూమిలో సున్నం ఉన్న పొరల గుండా నీళ్ళు నిదానంగా దిగేటప్పుడు వీటిని కరిగించుకుంటాయి. ల్యాబులో దీన్ని కొలిచే తీరు చూడ్డానికి బావుంటుంది. నీళ్ళలో ఎరియోక్రోమ్ బ్లాక్ టి అనే రంగు రెండు చుక్కలు వేస్తే ద్రాక్షరసంలా ఎర్రగా మారుతుంది. బ్యూరెట్ (కొలత గీతలున్న గాజు గొట్టం) నుంచి ఈడీటీఏ ద్రావణం చుక్కచుక్కగా వదులుతూ ఫ్లాస్కు తిప్పుతుంటే, ఒక చుక్క దగ్గర ఎరుపంతా పోయి నీలం తిరుగుతుంది. అప్పటిదాకా ఎన్ని మిల్లీలీటర్లు దిగిందో దాన్నిబట్టే హార్డ్‌నెస్ అంకె వస్తుంది. కృష్ణా నీళ్ళ శాంపిల్ అయితే చప్పున నీలం తిరుగుతుంది. తీరంవైపు బోర్ల శాంపిల్ అయితే బ్యూరెట్ మళ్ళీ నింపుకోవాల్సి వచ్చేది.

ఇంట్లో అంత సరంజామా ఉండదు కాబట్టి ఈ చిన్న పరీక్ష చేయండి. మూడు ఒకేలాంటి గాజు సీసాలు తీసుకోండి. ఒకదాంట్లో ఆర్‌ఓ నీళ్ళు, ఒకదాంట్లో మున్సిపల్ కుళాయి దగ్గరే పట్టిన నీళ్ళు, ఒకదాంట్లో బోరు నీళ్ళు, సగానికి పోయండి. మామూలు ఒంటి సబ్బు తురిమి మూడింట్లోనూ సమానంగా చిటికెడు వేసి, మూత పెట్టి గట్టిగా ఊపి, ఐదు నిమిషాలు వదిలేయండి. ఆర్‌ఓ సీసాలో నురగ మెడదాకా నిలుస్తుంది. మున్సిపల్ దాంట్లో కొంత తగ్గి నిలుస్తుంది. బోరు సీసాలో నురగ దాదాపు ఉండదు, పైన పెరుగు విరిగినట్టు తెల్లటి తెట్టు తేలుతుంది. సబ్బు కాల్షియంతో కలిసి అలా కరగని ముద్ద అవుతుంది. మీ బకెట్టు అంచుకూ బాత్రూమ్ టైల్స్‌కూ పట్టేది అదే, జుట్టుకు అంటుకుని బిరుసుగా చేసేది కూడా అదే. షాంపూ, లిక్విడ్ డిటర్జెంటు ఈ పరీక్షకు పనికిరావు, అవి హార్డ్ వాటర్‌లో కూడా నురగ ఇస్తాయి.

ఇప్పుడు అంకెలకు అర్థం చెప్తాను. మన దేశంలో తాగునీటి ప్రమాణం బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) వారి ఐఎస్ 10500, 2012. అందులో టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా ఉండటం మేలు, వేరే నీళ్ళు దొరక్కపోతే 2,000 దాకా ఒప్పుకుంటారు. హార్డ్‌నెస్‌కు ఆ అంకెలు 200, 600. మీ మున్సిపల్ నీళ్ళు రెండింట్లోనూ మొదటి హద్దు లోపలే ఉన్నాయి. మీ బోరు హార్డ్‌నెస్‌లో రెండో హద్దు కూడా దాటింది. ఇంకొకటి: హార్డ్‌నెస్ 640, ఆల్కలినిటీ 380 కాబట్టి, అందులో బైకార్బొనేట్లతో జత కట్టిన 380 తాత్కాలిక కఠినత్వం, మిగిలిన 260 శాశ్వత కఠినత్వం. మరిగిస్తే మొదటిదాంట్లో చాలావరకు సున్నంగా కిందకు దిగుతుంది. రెండోది ఎంత కాచినా అలాగే ఉంటుంది. మీ గీజరుకు శత్రువు ఆ 380. నీళ్ళు వేడెక్కినప్పుడల్లా అది కాయిల్ మీద పొరగా పేరుకుంటుంది, ఆ పొర కింద చిక్కిన నీళ్ళు ఆవిరై పగిలే చప్పుడే మీరు వింటున్నది. హార్డ్ వాటర్‌లో కందిపప్పు కూడా సరిగా ఉడకదు. కాల్షియం గింజలోని పెక్టిన్‌ను పట్టుకుని గట్టిపరుస్తుంది, కుక్కరులో ఇంకో రెండు కూతలు వచ్చినా పప్పు పలుకుగానే ఉంటుంది.

ఆరోగ్యం సంగతి. హార్డ్‌నెస్ వల్ల జబ్బు వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏ హద్దూ పెట్టలేదు. కాల్షియం, మెగ్నీషియం ఒంటికి కావాల్సినవే. కిడ్నీలో రాళ్ళ భయం చాలామందికి ఉంది. నీళ్ళు తక్కువ తాగడం, ఎండలో చెమట పట్టడం, ఉప్పు ఎక్కువ తినడం వల్ల వచ్చే ముప్పు ముందు హార్డ్‌నెస్ పాత్ర చాలా చిన్నది. రుచి బాలేదని నీళ్ళు తక్కువ తాగితే అప్పుడు నిజంగా నష్టం. ఉద్దానం పేరు చెప్పి భయపెట్టేవాళ్ళు కూడా ఉన్నారు. ఉద్దానం కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు, హార్డ్ వాటర్ వల్లే అని ఎవరూ రుజువు చేయలేదు. చర్మం విషయంలో బ్రిటన్‌లో ఎగ్జిమా ఉన్న 336 మంది పిల్లలతో ఒక పెద్ద పరీక్ష జరిగింది, ఫలితాలు 2011లో వచ్చాయి. సాఫ్ట్‌నరు పెట్టిన ఇళ్ళ పిల్లలకు పెట్టని ఇళ్ళ పిల్లల కంటే అదనపు మేలేమీ కనపడలేదు. జుట్టు విషయంలో నేను చెప్పగలిగింది ఇంతే: హార్డ్ వాటర్ వల్ల వెంట్రుక ఎండి మధ్యలో తెగొచ్చు. కుదుళ్ళతో ఊడుతుంటే మాత్రం నీళ్ళను నిందించి ఊరుకోకుండా డాక్టరుకు చూపించండి. రక్తం తక్కువై ఉండొచ్చు, థైరాయిడ్ అయ్యుండొచ్చు.

ఆ కడ్డీల ప్రదర్శన గురించి చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే దాన్ని చూసి భయపడి అప్పు చేసి మెషీన్లు కొన్న కుటుంబాలు నాకు తెలుసు. ఆ రెండు కడ్డీల్లో ఒకటి ఇనుము. కరెంటు పారితే ఇనుము కరిగి తుప్పుగా తేలుతుంది. ఆ గోధుమరంగు కడ్డీది, నీళ్ళది కాదు. ఆర్‌ఓ నీళ్ళలో లవణాలు చాలా తక్కువ కాబట్టి కరెంటు సరిగా పారదు, అందుకే పక్కన పెట్టే ఆర్‌ఓ గ్లాసు తేటగా ఉంటుంది. మళ్ళీ వస్తే అతని ఆర్‌ఓ గ్లాసులోనే చిటికెడు వంట ఉప్పు వేసి కడ్డీలు పెట్టమనండి. అదీ గోధుమరంగుకు తిరుగుతుంది. అలాగే టీడీఎస్ మీటరు కూడా కరిగిన లవణాల మొత్తాన్నే అంచనా వేస్తుంది. 150 చూపించే నీళ్ళలో కలరా క్రిములు ఉండొచ్చు, 700 చూపించే నీళ్ళు శుభ్రంగా ఉండొచ్చు. ఫ్లోరైడ్, నైట్రేట్, క్రిములు, ఇవేవీ ఆ మీటరు చెప్పదు.

ఇంటి మొత్తానికి సాఫ్ట్‌నరు పెడితే ఏమవుతుందో లెక్క వేద్దాం. సాఫ్ట్‌నరులోని రెజిన్ (సన్నని ప్లాస్టిక్ పూసలు) కాల్షియం, మెగ్నీషియం పట్టుకుని వాటి బదులు సోడియం వదులుతుంది. రెజిన్ నిండాక ఉప్పునీళ్ళతో కడిగితే మళ్ళీ పనిచేస్తుంది. లీటరు రెజిన్ సుమారు 50 గ్రాముల హార్డ్‌నెస్‌ను పట్టుకుంటుంది. మీ ఇంట్లో నలుగురు, రోజుకు 500 లీటర్లు అనుకుందాం. బోరు నీళ్ళయితే 500 లీటర్లలో 320 గ్రాముల హార్డ్‌నెస్. పాతిక లీటర్ల రెజిన్ ఉన్న మెషీను నాలుగు రోజులకే నిండిపోతుంది. కడగడానికి ప్రతిసారీ మూడు నాలుగు కిలోల ఉప్పు, అంటే నెలకు పాతిక కిలోల పైమాటే, ఆ ఉప్పంతా డ్రైనేజీలోకి. షవరుకో కుళాయికో బిగించే చిన్న గొట్టాల్లో రెజిన్ ఒకటి రెండు లీటర్లే ఉంటుంది. 640 హార్డ్‌నెస్‌కు రెండు లీటర్ల రెజిన్ 150 లీటర్ల దగ్గరే చేతులెత్తేస్తుంది. నలుగురు స్నానం చేస్తే ఒక రోజు. ఆ తర్వాత మళ్ళీ ఉప్పునీళ్ళతో కడిగేదాకా అది కుళాయికి వేలాడే ప్లాస్టిక్కే. అయస్కాంతాలు, ఉప్పు అక్కర్లేని కండిషనర్లు అని అమ్మేవి హార్డ్‌నెస్‌ను తగ్గించవు. ఎవరైనా తగ్గిస్తుందంటే, ముందూ తర్వాతా ల్యాబు రిపోర్టు చూపించమనండి.

సాఫ్ట్‌నరు పెట్టాక టీడీఎస్ మీటరుతో చూసి "తగ్గలేదు, మోసం" అనుకునేవాళ్ళున్నారు. అది తగ్గదు, కొంచెం పెరుగుతుంది కూడా, ఎందుకంటే లవణాలు మారతాయే గానీ పోవు. మీ బోరు నీళ్ళను పూర్తిగా సాఫ్ట్ చేస్తే లీటరుకు దాదాపు 295 మిల్లీగ్రాముల సోడియం అదనంగా చేరుతుంది. మీ ఇంట్లో బీపీ మందులు వాడేవాళ్ళున్నారన్నారు కాబట్టి ఆ నీళ్ళు తాగొద్దు, వంటకు వాడొద్దు. మొక్కలకూ పోయొద్దు, నేల చవుడు బారుతుంది.

ఇక చేయాల్సిన పని. ముందు వాచ్‌మన్‌ను వెంటబెట్టుకుని సంపు మూత తీయించి చూడండి, ఏ పైపు ఎక్కడ పడుతోందో. తర్వాత టెర్రస్ ఎక్కి ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి ఎన్ని లైన్లు దిగుతున్నాయో చూడండి. చాలా అపార్టుమెంట్లలో ఫ్లష్ ట్యాంకులకు వేరే లైను అప్పటికే ఉంటుంది, కానీ పైన రెండూ ఒకే ట్యాంకుకు కలిపేసి ఉంటారు. అలా ఉంటే పని సులువు: ఫ్లష్ లైనుకు బోరు కోసం విడిగా ఒక ట్యాంకు పెట్టి, బోరు మోటారు పైపును సంపులోంచి తీసి నేరుగా దాంట్లోకి మళ్ళించాలి. పార్కింగు, మొక్కలు, ఫ్లష్ బోరుకి. వంటిల్లు, స్నానం, గీజరు, వాషింగ్ మెషీను మున్సిపల్ నీళ్ళకి. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు అని లెక్క వేస్తే అందులో మూడో వంతు దాకా ఫ్లష్‌కే పోతుంది. అది బోరు మీదకు పోతే మున్సిపల్ నీళ్ళు ఎంత మిగులుతాయో చూడండి.

విడి లైను లేకపోతే, అసోసియేషన్ ఒప్పుకోకపోతే, మీ ఒక్క ఫ్లాటుకైనా టెర్రస్ మీద ఐదొందల లీటర్ల ట్యాంకు పెట్టించుకుని మున్సిపల్ నీళ్ళు వచ్చినప్పుడు నింపి, వంటింటికీ గీజరుకూ మాత్రం ఒక లైను దించుకోండి. మొత్తం ఖర్చు ఆ పెద్ద ఆర్‌ఓ, సాఫ్ట్‌నరు జత కంటే బాగా తక్కువ అవుతుంది, పైగా నెలనెలా ఉప్పు ఖర్చు ఉండదు. ఒక్కటి మాత్రం చేయొద్దు: నీళ్ళు ఎక్కువ లాగడానికి మున్సిపల్ పైపుకు నేరుగా మోటారు బిగించడం. అది నేరం. అంతకంటే ముఖ్యంగా, అలా లాగినప్పుడు పైపులో శూన్యం ఏర్పడి, ఎక్కడ చిన్న చిల్లి ఉన్నా పక్క కాలువలో మురుగు లోపలికి వచ్చేస్తుంది. ఆ మురుగు మీ ఇంటికే కాదు, వీధి మొత్తానికి చేరుతుంది.

మున్సిపల్ నీళ్ళు తాగొచ్చా అంటే, లవణాల పరంగా నిస్సందేహంగా. అసలు చూడాల్సింది క్రిములు. నీళ్ళు విడతలుగా వచ్చే ఊళ్ళో, సరఫరా ఆగిన గంటల్లో పైపులోకి బయటి నీళ్ళు చేరే ప్రమాదం ఉంటుంది. అందుకే కుళాయి దగ్గర కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని ప్రమాణం. మున్సిపల్ సిబ్బంది దగ్గర క్లోరోస్కోపు ఉంటుంది, రెండు చుక్కలు వేస్తే పసుపు రంగు తేలాలి. ఒకసారి మీ ఇంటి కుళాయి దగ్గర చూడమని అడగండి, అడిగే హక్కు మీకుంది. క్లోరిన్ వాసన వస్తోందని భయపడొద్దు, అది మంచి గుర్తే. మూత లేని గిన్నెలో కాసేపు ఉంచితే వాసన పోతుంది. ఎండాకాలం చివర్లో, స్టోరేజీ ట్యాంకుల్లో నీళ్ళు తగ్గినప్పుడు పాచి వాసన వస్తుంది. అది నాచు వల్ల వచ్చే మట్టి వాసన, కార్బన్ ఫిల్టరుతో తగ్గుతుంది. పటిక, చిల్లగింజ బురదను కిందికి దింపుతాయి, మన వాళ్ళు తరతరాలుగా వాడారు, కానీ వాటిని నమ్మి కాచకుండా తాగొద్దు.

మీ సంపు, ట్యాంకు మూడు నెలలకోసారి కడిగించండి. వంటింటికి కార్బన్, క్రిములను చంపే యూవీ లైటు ఉన్న చిన్న ఫిల్టరు చాలు. అదీ వద్దనుకుంటే నీళ్ళు బాగా తెర్లించి, ఒక నిమిషం అలాగే ఉంచి, మూత పెట్టి చల్లార్చుకోండి. టీడీఎస్ 410 ఉన్న నీళ్ళకు ఆర్‌ఓ అక్కర్లేదు. 500 లోపు టీడీఎస్ ఉన్న చోట ఆర్‌ఓలను నిషేధించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే చెప్పింది. ఇళ్ళలో వాడే ఆర్‌ఓలు లీటరు మంచినీళ్ళకు రెండు మూడు లీటర్లు బయటకు పారబోస్తాయి, నీళ్ళు విడతలుగా వచ్చే ఊళ్ళో అది నాకు మనసొప్పని పని. క్యాను నీళ్ళ గురించి కూడా ఒక మాట. అందులో క్లోరిన్ ఉండదు. క్యాను సరిగ్గా కడగకపోయినా, తెరిచి నాలుగైదు రోజులు ఉంచినా క్రిములు పెరుగుతాయి.

ఆర్‌ఓ నిజంగా అవసరమయ్యే సందర్భం ఒకటుంది, అది ఫ్లోరైడ్. మీ రిపోర్టులో ఆ కాలమ్ ఖాళీగా ఉంది, అది నన్ను కలవరపెడుతోంది. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి 1937లో మొదట వైద్యులు రాసింది అప్పటి నెల్లూరు జిల్లా నుంచే. ఆ జిల్లాలోని పొదిలి, కనిగిరి వైపు తాలూకాలు 1970లో ఒంగోలు కేంద్రంగా ఏర్పడ్డ కొత్త జిల్లాలోకి వచ్చాయి. పళ్ళ మీద గోధుమ చారలు, వంగని నడుములు నేను ఆ పల్లెల్లో కళ్ళారా చూశాను. ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, ఎంత తప్పనిసరైనా 1.5 దాటకూడదు. కాచితే అది పోదు, నీళ్ళు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. కాబట్టి బోరు నీళ్ళకు ఫ్లోరైడ్, నైట్రేట్ పరీక్ష తప్పకుండా చేయించండి. నైట్రేట్ 45 దాటకూడదు, ముఖ్యంగా పాలపొడి కలిపి పట్టే పసిపిల్లలున్న ఇంట్లో. లైన్లు విడదీసేదాకా, ఆ రిపోర్టు వచ్చేదాకా, తాగడానికీ వంటకూ మున్సిపల్ నీళ్ళు వచ్చేటప్పుడు నేరుగా బిందెల్లో పట్టుకోండి. సంపు నీళ్ళు వద్దు.

శాంపిల్ పట్టేటప్పుడు అదే నీళ్ళతో సీసాను మూడుసార్లు తొలవండి, గాలి లేకుండా నిండా పట్టండి. క్రిముల పరీక్షకు మాత్రం ల్యాబువాళ్ళు ఇచ్చే స్టెరైల్ సీసానే వాడాలి, దాన్ని తొలవకూడదు, లోపల వేసిన మందు పోతుంది. ఐస్ డబ్బాలో పెట్టి అదే రోజు అందజేయండి.

గీజరు విషయం చివర్న. థర్మోస్టాట్‌ను 50, 55 డిగ్రీల దగ్గర పెట్టుకోండి, వేడి పెరిగే కొద్దీ సున్నం వేగంగా దిగుతుంది. ఇప్పటికే పట్టిన గారను మెకానిక్‌తో తీయించండి, అదే చేత్తో ట్యాంకు తుప్పు పట్టకుండా కాపాడే మెగ్నీషియం రాడ్ అరిగిందేమో చూపించండి. కుళాయిలకు, షవరుకు మీరే చేసుకోవచ్చు: లీటరు గోరువెచ్చటి నీళ్ళలో రెండు మూడు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి గంటసేపు నానబెట్టి, పాత బ్రష్‌తో రుద్దండి. ఆ నీళ్ళు ఉన్న చోట బ్లీచింగ్ పౌడరు గానీ బ్లీచు గానీ కలపొద్దు, విషవాయువు వస్తుంది. ఫ్లోరైడ్ అంకె వచ్చాక, సంపులో పైపులు ఎలా పడుతున్నాయో చూశాక రాయండి. ఏ లైను ఎటు మళ్ళించాలో అప్పుడు వివరంగా చెప్తాను.